సముద్రంలో ఒక చుక్క, బోరబండలో ఒక చుక్క

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బోరబండ సందుల్లో ఒక ప్రమాద సంకేతం కోసం వెతుకుతున్న రోజున, ఒళ్ళో రిసీవర్ పెట్టుకుని కూర్చున్న నేను, అది దొరకకూడదని కోరుకున్నాను. దాన్ని కనిపెట్టడం నా ఉద్యోగం. వ్యాను వెనక సీట్లో కూర్చున్నావిడ అది ఎప్పుడెప్పుడు దొరుకుతుందా అని ముందుకు వంగి వింటోంది. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని. ఆ రోజు పేజీలో వాన గురించి రాశాను, నేనుండే హాస్టల్లో కరెంటు పోవడం గురించి రాశాను. ఈ కోరిక గురించి మాత్రం రాయలేదు.

మెట్రో రైలు అమీర్‌పేట మీదుగా తిరగడం మొదలైన మరుసటి ఏడు, వేసవి మొదట్లో నేను పంజాగుట్టలోని ఆ ఆఫీసులో చేరాను. హోదా అలర్ట్ డెస్క్ అసిస్టెంట్. ఉద్యోగ విరమణ అనే మాటకు నా వయసు చాలదు. కానీ ఆ వృత్తిలోకి మళ్ళీ వెళ్ళే ఉద్దేశం లేదు గనక విరమించినట్టే లెక్క.

మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. ఓడల మీద, పెద్ద చేపల పడవల మీద పసుపురంగు డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని బీకన్ అంటారు. పడవ మునిగినప్పుడు అది తన గూటిలోంచి విడిపడి నీళ్ళ మీద తేలుతుంది, తడి తగలగానే దానంతట అదే పనిచేయడం మొదలుపెడుతుంది. యాభై సెకన్లకోసారి ఆకాశంలోకి ఒక చిన్న సంకేతం పంపుతుంది. ఆ సంకేతంలో డబ్బా గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఉపగ్రహాలు దాన్ని విని కిందికి చేరవేస్తాయి. ఏ సంఖ్య ఏ పడవదో నమోదు చేసి ఉంచడం, హెచ్చరిక వచ్చినప్పుడు యజమానికీ అతను రాయించిన అత్యవసర నంబరుకూ ఫోన్ చేసి, పడవ నిజంగా నీళ్ళ మీద ఉందా లేదా అని విచారించడం మా సంస్థ ఒప్పుకున్న పని. సముద్రంలో గాలించడం మా పని కాదు. దానికి తీరంలో వేరే కేంద్రం ఉంది. బీకన్ నేల మీద, మా పరిధిలో మోగుతోందని తేలితే మాత్రం వెళ్ళి వెతికి ఆపే బాధ్యత మాదే.

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. అలాంటిదాన్ని ఫోన్ల ఉద్యోగంలో ఎందుకు చేరానని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. చెప్పవలసిన వాక్యం ముందే కాగితం మీద రాసుకుని, అది చూసి చదివేదాన్ని. ఎక్కువ హెచ్చరికలు ఉత్తవే అయ్యేవి. రంగు వేస్తూ ఎవరో మీట నొక్కి ఉంటారు, లేదా డబ్బాను గూటిలోంచి తీసి కడిగి ఉంటారు. అవతలివాళ్ళు సారీ చెప్పేవారు, నేను ఫర్వాలేదండీ అనేదాన్ని. అక్కడితో అయిపోయేది.

మా విభాగాధిపతి మూర్తిగారు. సరుకు ఓడల మీద చాలా ఏళ్ళు రేడియో అధికారిగా పనిచేసి, ఒడ్డు చేరాక ఈ పని చేపట్టారు. బయట తిరిగి వెతికే పని యాదగిరి అన్నది. యాంటెనా, రిసీవర్, వ్యాను అన్నీ అతని చేతిలోనే ఉండేవి. పుట్టి పెరిగింది ఎర్రగడ్డలో. నేను రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ పదీ లెక్కపెట్టి సాయంత్రం నాకే అప్పజెప్పేవాడు.

జూన్ మధ్యలో, చేపల వేట మీద ఏటా ఉండే నిషేధం ముగిసి, తూర్పు తీరంలో పడవలన్నీ సముద్రం మీదికి వెళ్ళాయి. జూలైలో ఒక అల్పపీడనం పట్టింది. హైదరాబాద్‌లో కూడా ముందురోజు నుంచి వాన పడుతూనే ఉంది, పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద నీళ్ళు నిలిచాయి. ఆ ఉదయం కాకినాడ పడవ ఒకదాని సంఖ్యతో హెచ్చరిక వచ్చింది. విన్నది ఎత్తున ఒకేచోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహం. అలాంటిది వినగలదు గాని, సంకేతం ఎక్కడి నుంచో చెప్పలేదు. ఆ బీకన్ పాత రకం, తానెక్కడున్నదీ తాను చెప్పుకోలేదు.

యజమానికి ఫోన్ చేశాను. పడవ వెళ్ళి వారం దాటిందని, రావలసిన రోజుకు రాలేదని, వాతావరణం బాగాలేక ఏదో రేవులో ఆగి ఉంటారనుకుంటున్నానని చెప్పాడు. పడవలో డ్రైవరు పోలారావు, ఇంకో నలుగురు. బీకన్ పడవ మీదే ఉందా అని అడిగాను. ఎక్కడికి పోతుందండీ, కేబిన్ గోడకే ఉంది అన్నాడు.

అత్యవసర నంబరు పోలారావు భార్యది. యజమాని ఎప్పుడంటే అప్పుడు ఫోనెత్తడని, పోలారావు పట్టుబట్టి ఆమె నంబరు రాయించాడట. ఆమె పేరు నూకరత్నం. అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది, మా ఆఫీసుకు నడిచి వచ్చేంత దూరం. నేను రాసుకున్న వాక్యం చదివాను: మీ పడవ తాలూకు బీకన్ నుంచి సంకేతం వచ్చింది, పడవ ఇప్పుడు సముద్రంలో ఉందా అని. అవతల మిక్సీ చప్పుడు ఆగింది.

"అంటే మా ఆయన పిలుస్తున్నాడాండి?" అంది.

ఆ ప్రశ్నకు నా కాగితం మీద జవాబు లేదు. మా ఆఫీసు ఎక్కడో చెప్పి, మళ్ళీ ఫోన్ చేస్తామని పెట్టేశాను.

మధ్యాహ్నానికి మొదటి స్థానం వచ్చింది. అదెలా వస్తుందో చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. తక్కువ ఎత్తులో, ధ్రువాల మీదుగా భూమిని చుట్టే ఉపగ్రహాలు కొన్ని ఉన్నాయి. అలాంటిది మన మీదుగా పోయేటప్పుడు కింది నుంచి వచ్చే సంకేతం దానికి మొదట కాస్త హెచ్చు శ్రుతిలో, దాటాక కాస్త తగ్గు శ్రుతిలో వినిపిస్తుంది. పంజాగుట్ట చౌరస్తాలో నిలబడితే రోజూ వినేదే ఇది. ఆసుపత్రికి పోయే అంబులెన్స్ దగ్గరికొచ్చేటప్పుడు సైరన్ కీచుగా ఉంటుంది, దాటగానే బొంగురు పోతుంది. ఆ మార్పు ఎంత తొందరగా జరిగిందో కొలిస్తే బండి మనకెంత దగ్గర నుంచి పోయిందో లెక్కగట్టవచ్చు. అయితే ఒంటి చెవితో వినేవాడికి అది కుడివైపు నుంచి పోయిందా ఎడమవైపు నుంచి పోయిందా తెలియదు. ఉపగ్రహానిది ఒంటి చెవి. అందుకని ఒకసారి దాటినప్పుడు రెండు చోట్లు చూపిస్తుంది, తన దారికి అటొకటి, ఇటొకటి. ఒకటి నిజం, రెండోది దాని నీడ. ఏది నిజమయ్యే అవకాశం ఎక్కువో యంత్రం అంచనా వేస్తుంది గాని, రూఢి చేసేది వేరే దారిలో పోయే రెండో ఉపగ్రహమే. రెండుసార్లూ కదలకుండా ఉన్న చోటు నిజం. ఇప్పుడు ఇంకా ఎత్తున తిరిగే ఉపగ్రహాలు చాలా కలిసి ఒకేసారి వింటున్నాయి గనక ఈ చిక్కు చాలావరకు తీరిపోయిందని విన్నాను. అప్పుడు మాకు తీరలేదు.

మొదటి ఉపగ్రహం భద్రాచలం మీదుగా పోయింది. ఒక చుక్క కాకినాడకు తూర్పున, తీరానికి బాగా దూరంగా సముద్రంలో పడింది. రెండోది హైదరాబాద్‌లో, ఇంచుమించు మా నెత్తి మీదే పడింది. యంత్రం హైదరాబాద్ చుక్కకే కాస్త మొగ్గింది. ఆ సంగతి మూర్తిగారికి చెప్పాను. ఆయన విన్నారు, తెర కూడా చూశారు.

"పడవ హైదరాబాద్‌లో ఎందుకుంటుందమ్మా?" అన్నారు.

"హుస్సేన్‌సాగర్ల వలలేస్తున్నరేమో సార్," అన్నాడు యాదగిరి అన్న.

మేం ముగ్గురం నవ్వాం. సముద్రంలో చుక్కనే తీరానికి పంపాం. అక్కడివాళ్ళూ అదే సబబన్నారు. వారం దాటినా తిరిగిరాని చేపల పడవకు సముద్రంలో ఒక చోటు, తొమ్మిది పది గంటల బస్సు దూరంలోని ఊళ్ళో ఒక చోటు చూపిస్తే ఎవరైనా సముద్రాన్నే పట్టుకుంటారు. గాలింపు ఓడ అటు బయలుదేరింది.

నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. కొంగుతో తల కప్పుకుంది, గొడుగు లేదు, చేతులకు పిండి ఉంది. గోడకున్న పెద్ద మ్యాపు దగ్గరికి పోయి నిలబడింది.

రెండో ఉపగ్రహం ధ్రువీకరించేదాకా స్థానం బంధువులకు చెప్పకూడదన్నది మా నియమం. మూర్తిగారు ఆ నియమం నాకు నేర్పిన మనిషి. ఆయన లేచి వెళ్ళి, ఆమె పక్కన నిలబడి, మ్యాపు మీద వేలు పెట్టి, ఇదిగోనమ్మా, ఇక్కడ అన్నారు.

ఆమె వెంటనే మరిది అప్పన్నకు ఫోన్ చేసింది. అప్పన్న ఆ ఉదయమే ఇంకో రెండు పడవలు తోడు తీసుకుని అన్నను వెతకడానికి బయలుదేరాడు. పోలారావు మాట ఆఖరిసారి రేడియోలో వినబడింది అంతర్వేది వైపు నుంచి, అందుకని వాళ్ళు దక్షిణంగా పోతున్నారు. ఇంకా తీరానికి దగ్గరలోనే ఉన్నారు గనక ఫోన్ కలిసింది. నూకరత్నం ఫోను మూర్తిగారికిచ్చింది. ఆయన అక్షాంశం, రేఖాంశం రెండుసార్లు నిదానంగా చదివారు. అవతలివాళ్ళు తిరిగి చెబితే సరిచూసుకున్నారు. ఆ మూడు పడవలూ ఈశాన్యానికి తిరిగాయి.

ఆమె మా ఆఫీసులోనే ఒక మూల కుర్చీలో కూర్చుంది. నేను టీ ఇస్తే తాగింది. నిషేధం రోజుల్లో ఊరెళ్ళినప్పుడు ఆ డబ్బా తానే చూశానని, కేబిన్ గోడకు గట్టిగా బిగించి ఉందని, అది ఉంది కాబట్టే తనకు ధైర్యమని నాతో చెప్పింది. పోలారావు గురించి ఇంకా ఏవో చెప్పింది. ఈత బాగా వచ్చునట, మనిషికి చలి మాత్రం ఆగదట. నేను తల ఊపుతూ విన్నాను. నాకు మనుషుల్ని ఓదార్చడం తెలియదు. పుస్తకాల్లో చదివిన మాటలు ఆ గదిలో ఎక్కడా అతకవనిపించింది.

చీకటి పడబోతుండగా రెండో ఉపగ్రహం పోయింది. మళ్ళీ రెండు చుక్కలు. ఒకటి హైదరాబాద్‌లో మధ్యాహ్నం పడ్డచోటే పడింది. రెండోది ఈసారి అరేబియా సముద్రంలో పడింది. కాకినాడ దగ్గరి చుక్క లేదు.

మూర్తిగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తీరానికి ఫోన్ చేసి, మేమిచ్చిన స్థానం నీడ అని చెప్పారు. తరవాత అప్పన్నకు చేశారు. కలవలేదు. పడవలు సిగ్నల్ దాటి పోయాయి. వాటి రేడియోకు అందేంత దగ్గరలో ఎవరైనా ఉంటే కబురు చెప్పమని రేవుకు కూడా చెప్పారు. ఆ కబురు మర్నాడు సాయంత్రందాకా అందలేదని తరవాత తెలిసింది.

అప్పుడు ఆమెకు చెప్పారు. దాచలేదు. బీకన్ హైదరాబాద్‌లో ఉందని, ఇంకో చుక్క మధ్యాహ్నం ఒకచోట, ఇప్పుడు అరేబియా సముద్రంలో వచ్చిందని, అది లెక్కలో నీడ తప్ప ఏమీ కాదని చెప్పారు. ఆమె శ్రద్ధగా వింది.

"అరేబియా అంటే ఎటేపండి?" అంది. "పొద్దుటినించీ అంత దూరం కొట్టుకుపోయాడంటారా?"

మూర్తిగారు మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఆమె అలాగేనండి అంది గాని, నమ్మినట్టు లేదు. హాస్టల్లో రాత్రి వంట ఉందని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం మేం వ్యాను తీసేసరికి మెట్ల దగ్గర నిలబడి ఉంది, తానూ వస్తానంది. మూర్తిగారు కాసేపు తటపటాయించి, తీసుకెళ్ళండి అన్నారు.

ఉపగ్రహం చూపే చుక్కకు కొన్ని కిలోమీటర్ల తేడా ఉంటుంది. ఆ వలయంలో ఇటు పంజాగుట్ట నుంచి అటు ఎర్రగడ్డ దాకా సగం ఊరు ఉంది. దగ్గరికి వెళ్ళాక ఉపగ్రహంతో పని లేదు. బీకన్ మా రిసీవర్‌కే వినబడే ఇంకో బలహీనమైన శబ్దాన్ని ఆగకుండా పంపుతూ ఉంటుంది. ఈల వేసి కిందికి జారుస్తున్నట్టు ఉంటుందది. మడత యాంటెనా చేత్తో తిప్పుతూ ఆ ఈల ఎటు గట్టిగా వినబడితే అటు గీత గీస్తాం. రెండు మూడు చోట్ల నుంచి గీసిన గీతలు కలిసేచోట వెతుకుతాం. చెప్పడానికి తేలిక. ఊళ్ళో ప్రతి ఇనుప హోర్డింగూ ఆ ఈలను అద్దంలా తిప్పికొడుతుంది.

పంజాగుట్టలో మా ఆఫీసు మేడ మీద నుంచి గీత వాయవ్యానికి పోయింది. తరవాత మైత్రీవనం దగ్గర ఒక కాంప్లెక్స్ ఎక్కాం. అక్కడ ఎటు తిప్పినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఈల నాలుగు వైపుల నుంచీ వచ్చింది. యాదగిరి అన్న యాంటెనా పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటే వాచ్‌మన్ వచ్చి చూశాడు.

"కొత్త కోర్సు పెడుతున్నరా అన్న?"

"ఔ. పాసైనోళ్ళకు సముద్రంల పోస్టింగ్," అన్నాడు యాదగిరి అన్న. అనేశాక నా వెనక నిలబడ్డ నూకరత్నాన్ని చూశాడు. ఆ తరవాత పగలంతా అతను ఒక్క జోకు వేయలేదు.

ఎర్రగడ్డ నుంచి గీస్తే గీత వెనక్కి, నైరుతికి తిరిగింది. ఆ రెండు గీతలూ బోరబండలో కలిశాయి. వ్యానులో బయలుదేరాం. రిసీవర్ నా ఒళ్ళో ఉంది, స్పీకర్ తెరిచి ఉంది. మొదట గరగర, దాని అడుగున సన్నగా ఈల. వాన తెరిపి ఇవ్వడం లేదు.

"ఇదేనా అమ్మాయిగారూ, ఆ బోటు పిలుపు?" అంది నూకరత్నం.

అవునన్నాను.

బోరబండ బస్టాండు దాటాక ఈల గట్టిపడింది. ఆమె ముందుకు జరిగింది. ఒక మలుపు తిరిగితే తగ్గింది, ఆమె వెనక్కి చూసింది. యాదగిరి అన్న బండి వెనక్కి తీశాడు, మళ్ళీ పెరిగింది. పెరిగినప్పుడల్లా ఆమె ముఖం తేటపడుతోంది. ఎన్ని చెప్పినా ఆమె మనసులో ఈ ఈల చివర ఉన్నది మనిషే. దగ్గరవుతున్నాం, దగ్గరవుతున్నాం అని తనలో తను అనుకుంటోంది. నాకు వ్యాను ముందు అద్దంలో ఆమె ముఖం కనబడుతూనే ఉంది. లెక్క ప్రకారం సముద్రంలోని చుక్క నిన్న సాయంత్రమే చెరిగిపోయింది. అయినా ఆ డబ్బాను కళ్ళతో చూడనంతసేపూ దానికి ఇంకా కొంచెం చోటు ఉందనిపించింది. బ్యాటరీ అయిపోతే బాగుండును, ఈ సందులో వాన నీళ్ళు అడ్డుపడి వ్యాను వెనక్కి తిరిగితే బాగుండును అనుకున్నాను.

"ఇగ బండి పోదు మేడం. నడుద్దాం," అన్నాడు యాదగిరి అన్న.

అది రేకుల కప్పున్న చిన్న రిపేరు షాపు. ఇన్వర్టర్లు, యాంప్లిఫయర్లు, విప్పిన టీవీలు ఉన్నాయి. లోపల రిసీవర్ శబ్దం చెవులు గింగురుమనేలా వచ్చింది. వాల్యూము తగ్గించాను. షాపతని పేరు నర్సింలు. పసుపు డబ్బా ఏమైనా ఉందా అని యాదగిరి అన్న అడగ్గానే మూల ర్యాకు చూపించాడు. దాని మీద ఒక గోనెసంచి కప్పి ఉంది. సంచి కింద నుంచి తెల్లటి వెలుగు మెరిసి ఆరుతోంది.

"నిన్నటి సంది గట్లనే మినుకుమినుకుమంటుంది అన్న. ఎట్ల బంద్ చేయాల్నో సమజ్ కాలే. కళ్ళు గుంజుతుంటే సంచి కప్పిన."

కాకినాడలో ఒక డీలరు వేట నిషేధం రోజుల్లో దాన్ని కొత్త బ్యాటరీ వేయించమని పార్సిల్లో పంపాడట. ఆ బ్యాటరీ ముంబై నుంచి రావాలట, రాలేదు, గడువు తీరిన పాతదే లోపల ఉంది. తరవాత విచారిస్తే తెలిసింది, పడవ యజమాని గుమాస్తా పడవ మీద నుంచి డబ్బా ఒక్కటే ఊడదీసి ఇచ్చాడు. గూడు కేబిన్ గోడకు బోల్టులతో బిగించి ఉంటుంది గనక దాన్ని అలాగే వదిలి, మూత వేశాడు. యజమాని చూసిందీ, నూకరత్నం చూసిందీ ఆ మూతనే.

ఆ గూడు ఉత్త పెట్టె కాదు. అందులో ఒక అయస్కాంతం ఉంటుంది. బీకన్ గూటిలో ఉన్నంతసేపూ ఎంత తడిసినా మోగకుండా అది పట్టి ఉంచుతుంది. గూటిలోంచి బయటికి వచ్చి, పక్కనున్న రెండు లోహపు మొనలకు నీళ్ళు తగిలితే చాలు, పడవ మునిగిందని దాని లెక్క. నర్సింలు ర్యాకుకు పైన రేకుల కప్పుకు సన్నటి చిల్లు ఉంది. పోలారావు పడవను ఏ అల్పపీడనం పట్టిందో, దాని వానే ఆ చిల్లులోంచి కారి ఆ మొనల మీద పడింది.

నూకరత్నం సంచి తీసింది. డబ్బా మీద పడవ నంబరు తెల్ల పెయింటుతో రాసి ఉంది. దాన్ని వేలితో తుడిచింది.

"ఇది మా బోటుదేనండి," అంది. కాసేపటికి, "మరైతే నిన్న సముద్రంలో చూపించింది ఎవరిదండి?" అంది.

యాదగిరి అన్న జవాబు చెప్పాడు, మెల్లగా. "గది నీడ అక్క. గాడ ఎవ్వరు లేరు."

నియమం ప్రకారం నేను ముందు సంఖ్య సరిచూడాలి, తరవాత బీకన్ ఆపాలి, ఆపిన సంగతి ఉపగ్రహ సంకేతాలు అందుకునే నియంత్రణ కేంద్రానికి ఫోన్లో చెప్పి, తరవాతి సంకేతం రాలేదని వాళ్ళు అన్నాక అలర్టు మూయించాలి. సంఖ్య సరిపోయింది. మీట మీద చెయ్యి పెట్టాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఆపకండమ్మాయిగారూ. ఇది అరుస్తుంటేనే గదండీ ఆళ్ళు ఎతుకుతారు."

నాకు తెలిసిన కారణాలు చెప్పాను. ఉత్త సంకేతం మోగుతుంటే నిజమైనది వచ్చినప్పుడు వినడానికి అడ్డమవుతుందని చెప్పాను. ఈ సంకేతాన్ని నమ్మి సముద్రంలో ఇంక ఎవరూ వెతకరని కూడా చెప్పాను. అంత పొడుగు మాటలు కొత్తమనిషితో నేను అదివరకెప్పుడూ మాట్లాడలేదు, అదీ కాగితం లేకుండా. ఆమె నా చెయ్యి వదల్లేదు. యాదగిరి అన్న ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీశాడు, జర ఇడువు అక్క, జర ఇడువు అంటూ. మీట జరిపాను. వెలుగు ఆరింది. నా రెండో చేతిలోని రిసీవర్‌లో ఉత్త గరగర మిగిలింది. నర్సింలు స్టూలు తెచ్చి వేశాడు, ఆమె కూర్చోలేదు.

మధ్యాహ్నానికి అలర్టు మూసేశారు. నేల మీద, పొరపాటున మొదలైనది అని రాశారు. అలర్టు మీద మొదలైన గాలింపు అలర్టుతోనే ముగిసింది. పడవ తిరిగిరాలేదని యజమాని వేరే ఫిర్యాదు ఇచ్చాడు, దాని మీద దక్షిణం వైపు కొత్తగా వెతికారు. అప్పటికి ఎన్ని గంటలు పోయాయో నేను లెక్కవేయలేదు, వేయదలచుకోలేదు. అప్పన్న పడవలు ఏమీ లేనిచోట రెండు పగళ్ళు తిరిగి, ఆయిలు అయిపోయి వెనక్కి వచ్చాయి. కొన్నాళ్ళకు ఆ పడవ తాలూకు ఐసుపెట్టె మూత ఒకటి అంతర్వేది దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది తప్ప ఏదీ దొరకలేదు, ఐదుగురిలో ఎవరూ దొరకలేదు.

అప్పన్న మొదట పోయిన దారినే పోయి ఉంటే వాళ్ళు బతికి దొరికేవారా? నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. మూర్తిగారిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన మాతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశారు. మ్యాపు దగ్గరికి ఎవరైనా వస్తే లేచి బయటికి వెళ్ళేవారు. యాదగిరి అన్న నా మాటలు లెక్కపెట్టడం మానేశాడు.

ఆ తరవాత మా విచారణలో ఒక ప్రశ్న మారింది. బీకన్ పడవ మీద ఉందా అని అడగడం మానేసి, పడవ ఒడ్డున ఉన్నప్పుడే మూత తీసి చూసి చెప్పండి అని అడగడం మొదలుపెట్టాం. రిపేరుకు ఇచ్చేటప్పుడు గూటితో సహా ఇవ్వాలని, ఇచ్చినట్టు మాకు చెప్పాలని ప్రతి యజమానికీ చెప్పాం. నేను నేర్చుకున్నది ఇంతకంటే పెద్దదేం కాదు. ఉపగ్రహం చెప్పగలిగేది ప్రసారం చేస్తున్న వస్తువు ఎక్కడుందో మాత్రమే. మనిషి ఎక్కడున్నాడో దానికి తెలియదు. రెండు చోట్లలో ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు మేం కొలతను పక్కనపెట్టి, జరిగి ఉండవచ్చనిపించినదాన్ని ఎంచుకున్నాం. ఆ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది మళ్ళీ అలాగే ఎంచుకుంటారు. నేనూ అలాగే ఎంచుకునేదాన్నేమో.

మరుసటి ఏడు వేట నిషేధం ముగిసే ముందు, ప్రతి ఏడూ చేసినట్టే నమోదైన నంబర్లన్నీ సరిచూసే పని పడింది. ఆ బీకన్ కొత్త బ్యాటరీతో, కొత్త గూటితో అదే యజమాని ఇంకో పడవకు ఎక్కింది. అత్యవసర నంబరు మాత్రం ఎవరూ మార్చలేదు. పడవలో తమ మనిషి లేనివాళ్ళ నంబరు తీసేయాలి, తీసేసే ముందు వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాలి. నేను రెండు రోజులు ఆ ఫోన్ వాయిదా వేశాను. ఆ నెలాఖరుతో ఉద్యోగం మానేస్తున్నానని అప్పటికే మూర్తిగారికి చెప్పేశాను. చివరికి చేశాను.

నూకరత్నం ఇంకా ఆ హాస్టల్లోనే వంట చేస్తోంది. నా గొంతు గుర్తుపట్టింది. బాగున్నారా అని అడిగింది. వాక్యం చదివాను: మీ నంబరు ఈ పడవ కిందనుంచి తీసేస్తున్నామండీ, కొత్త నంబరు యజమాని ఇస్తారు. ఆ బోటు మీద ఇప్పుడు ఎల్తున్నది అప్పన్నేనండి అంది. అయితే అప్పన్న భార్య నంబరు రాసుకుంటానన్నాను.

"వద్దమ్మాయిగారూ. అది భయస్తురాలండి, మీ నంబరు చూస్తే ఫోనెత్తదు. నాదే ఉంచండి. మోగితే నేనెత్తుతాను."